మ్యూట్ బటన్ ఎవరి చేతిలో ఉంది?

జనం కూడా మాట్లాడే వీలున్న ఒక బహిరంగ సమావేశం సాయంత్రం ఆరింటికి మొదలైంది. నేను మాట్లాడాలనుకున్న అంశం అజెండాలో ఏడోది. నెట్ సరిగా లేకపోవడంతో నోటీసులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, మీటింగ్ నంబరు కొట్టి లైన్లో కూర్చున్నాను. మొదటి అంశం మీదే గంట గడిచింది. మూడోది వాయిదా వేశారు. నాలుగు, అయిదు అటూ ఇటూ మార్చారు. ఎనిమిదిన్నరకి ఏడో అంశం వచ్చింది. ఫోన్లో ఉన్నవాళ్లు చెయ్యెత్తాలంటే స్టార్ నొక్కి తొమ్మిది నొక్కాలి. నొక్కాను. నా నంబరులోని చివరి మూడంకెలు చదివి "మాట్లాడండి" అన్నారు. రాసిపెట్టుకున్న కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి "కాలర్, ఉన్నారా? వినబడుతోందా?" అని అటు నుంచి అడుగుతున్నారు. వాళ్లు అనుమతి ఇచ్చాక నా వైపు నుంచి స్టార్, ఆరు నొక్కితేనే గొంతు బయటికి వెళ్తుందని నాకు తెలియదు. ఏం నొక్కాలో వెతుక్కుంటుండగానే "సరే, తర్వాతి అంశం" అన్నారు.

రెండున్నర గంటలు ఎదురుచూసింది రెండు నిమిషాల కోసం. ఆ రెండు నిమిషాలూ నా గదిలో గోడలకు చెప్పుకున్నాను. కొన్ని వారాల తర్వాత ఆ సమావేశం మినిట్స్, అంటే జరిగినదాని అధికారిక రికార్డు, చూశాను. ఏడో అంశం కింద ఒకే ముక్క ఉంది: ప్రజల నుంచి అభిప్రాయాలు రాలేదు.

నన్ను బాధపెట్టింది ఆ రాత్రి లైన్ కలవకపోవడం కంటే ఈ ముక్కే. సాంకేతిక లోపం ఎక్కడైనా వస్తుంది. కానీ నా ప్రయత్నం రికార్డులోకి 'అభిప్రాయం లేదు' అని ఎక్కింది. రేపు ఎవరైనా ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తే, అడిగాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు అని ఆ కాగితమే చూపిస్తారు. దూరం నుంచి పాల్గొనే ఏర్పాటు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా లింక్ గురించి, యాప్ గురించి, కెమెరా గురించి మాట్లాడుకుంటాం. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఇంటి నుంచి పలికిన మాటకు హాల్లో నిలబడి పలికిన మాటతో సమానమైన విలువ ఉందా? నిర్ణయం జరగకముందే అది చేరుతోందా? రికార్డులో నిలుస్తోందా? ఇవి లేకపోతే ఎంత మంచి లైవ్ ప్రసారమైనా చూసి ఊరుకోవడానికే పనికొస్తుంది.

2020కి ముందు ఈ ప్రశ్న పెద్దగా ఎవరికీ రాలేదు. బహిరంగ సమావేశం అంటే తలుపులు తెరిచి ఉన్న గది, వెనక కొన్ని కుర్చీలు, ముందు ఒక మైకు. కోవిడ్ వచ్చాక కొన్ని వారాల్లోనే అంతా మారిపోయింది. 2020 మార్చి 20న బ్రెజిల్ సెనేట్ సభ్యులు ఎక్కడివారక్కడే ఉండి ఓటు వేశారు. న్యూజిలాండ్‌లో ప్రభుత్వ కోవిడ్ చర్యలను ప్రశ్నించడానికి వేసిన పార్లమెంటు కమిటీ మొత్తం జూమ్‌లో నడిచింది, జనం ఇళ్లలో కూర్చుని చూశారు. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో 50 మంది లోపల, 120 మంది తెరల మీద ఉండేలా ఏర్పాటు చేశారు. దేశాల పార్లమెంట్ల సంఘమైన అంతర పార్లమెంటరీ యూనియన్ లెక్క ప్రకారం ఆ ఏడాది చివరికల్లా ప్రపంచంలోని పార్లమెంట్లలో మూడో వంతు ఏదో ఒక రూపంలో ఆన్‌లైన్ సభ నడిపాయి. ఎప్పుడూ కుదరదనుకున్న పని నెల రోజుల్లో కుదిరింది.

తర్వాత ఆ వెసులుబాటును చాలాచోట్ల ఎంత తొందరగా ఇచ్చారో అంత తొందరగా తీసేశారు. ఇంగ్లండ్ ఉదాహరణ చూడండి. అక్కడ 2020 ఏప్రిల్‌లో వచ్చిన అత్యవసర నిబంధనలు స్థానిక కౌన్సిళ్లు వీడియోలో సమావేశం కావడానికి వీలు కల్పించాయి. 2021 మే 7 నుంచి ఆ వీలు పోవాల్సి ఉంది. గడువు దగ్గరపడుతుంటే కౌన్సిళ్ల తరఫున కొందరు హైకోర్టుకు వెళ్లారు. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలో 'సమావేశం' అన్న మాట కిందికి ఆన్‌లైన్ సమావేశం కూడా వస్తుందని చెప్పమన్నారు. కోర్టు ఏప్రిల్ 28న కుదరదంది. ఆ చట్టం రాసినవాళ్ల దృష్టిలో సమావేశం అంటే మనుషులు ఒకచోటికి వచ్చి కూర్చోవడమే, మార్చుకోవాలంటే పార్లమెంటే మార్చుకోవాలి అని తేల్చింది. చట్టం చదివితే తీర్పులో తప్పు పట్టడానికేమీ లేదు. పక్కనే ఉన్న వేల్స్ మాత్రం అదే ఏడాది కొత్త చట్టం చేసుకుని, సభ్యులు వేర్వేరు చోట్ల నుంచి పాల్గొనే ఏర్పాటు కౌన్సిళ్లు తప్పనిసరిగా చేయాలంది. పూర్తి కౌన్సిల్ సమావేశాలను ప్రసారం చేయాలని కూడా చెప్పింది. ఒకే ద్వీపంలో, ఒకే సాంకేతికతతో, సరిహద్దుకు ఇటు చెల్లని సమావేశం అటు చెల్లింది. తేడా అంతా ఎవరో కూర్చుని చట్టం రాశారా లేదా అన్నదాంట్లోనే వచ్చింది. ఇంగ్లండ్ ప్రభుత్వం మళ్లీ ఈ విషయం మీద అభిప్రాయాలు సేకరించడానికి 2024 దాకా పట్టింది.

ఈ చర్చలో రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టేస్తున్నారు. నిర్ణయం తీసుకునే సభ్యులు ఇంటి నుంచి పాల్గొనవచ్చా అన్నది ఒకటి. ఆ నిర్ణయం వల్ల ప్రభావితమయ్యే జనం ఇంటి నుంచి మాట్లాడవచ్చా అన్నది ఇంకొకటి. ఇంగ్లండ్‌లో నడిచిన వాదనల్లో ఎక్కువ భాగం సభ్యుల గురించే. అధికారం ఉన్నవాడి సౌకర్యం గురించి చర్చ జరుగుతుంటే, మైకు దగ్గరికి రాలేనివాడి సంగతి అందులోనే కొట్టుకుపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జనానికి ఇది హక్కుగా ఉండాలి. సభ్యులకు మినహాయింపుగా ఉండాలి. జబ్బు, వైకల్యం, ఇంట్లో చూసుకోవాల్సిన మనిషి, ఇలాంటి కారణం ఉంటే సభ్యుడు తెర మీద నుంచి రావచ్చు. అది లేకపోతే అతను గదిలో ఉండాలి. తన ఇల్లు పోతుందేమోనని భయపడుతున్న మనిషి మైకు ముందు నిలబడి మాట్లాడుతుంటే, వినాల్సినవాళ్లు కెమెరాలు ఆపేసి నల్లటి చతురస్రాల్లో పేర్లుగా కనిపించడం ఎంత అవమానకరమో అనుభవించినవాళ్లకు తెలుసు. వింటున్నారో, భోజనం చేస్తున్నారో, అసలు అక్కడ ఉన్నారో లేదో తెలియదు. అలాగని సభ్యులకు దారి పూర్తిగా మూసేయడమూ తప్పే. 2020 జూన్ 2న బ్రిటన్ కామన్స్ సభ ఆన్‌లైన్ ఓటింగ్ ఆపేసి, భౌతిక దూరం పాటిస్తూ సభ్యుల్ని పొడవాటి క్యూలో నిలబెట్టి ఓట్లు వేయించింది. అనారోగ్యం వల్ల ఇల్లు కదలకూడని ఎంపీలు ఆ రోజు ఓటు వేయలేకపోయారు. విమర్శలు వచ్చాకే వాళ్లకు ప్రాక్సీ ఓటు, అంటే తమ బదులు మరొకరితో ఓటు వేయించే వీలు, ఇచ్చారు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1953 నుంచి బ్రౌన్ చట్టం అని ఒకటుంది. స్థానిక సంస్థల సమావేశాలన్నీ బహిరంగంగా జరగాలన్నది దాని సారం. జూమ్ పుట్టకముందే, టెలిఫోన్ కాన్ఫరెన్స్ రోజుల్లోనే, అందులో ఒక నియమం చేర్చారు. సభ్యుడు వేరే చోటు నుంచి పాల్గొంటే ఆ చోటు చిరునామా అజెండాలో రాయాలి, అజెండా కాగితం అక్కడ కూడా అంటించాలి, జనం అక్కడికి వచ్చి కూర్చుంటానంటే రానివ్వాలి. అంటే సభ్యుడు హోటల్ గది నుంచి మాట్లాడితే ఆ హోటల్ గది కూడా సమావేశ మందిరమే. చాదస్తంగా అనిపించవచ్చు గానీ దీని వెనక ఉన్న ఆలోచన గట్టిది: అధికారం ఎక్కడ కూర్చుంటే అక్కడికి జనం వెళ్లగలగాలి. 2020లో గవర్నర్ ఉత్తర్వుతో ఈ నియమాన్ని పక్కన పెట్టారు. 2021లో అత్యవసర పరిస్థితుల కోసం చేసిన సవరణలో మాత్రం నేను ఎక్కడికి వెళ్లినా చెప్పే రెండు షరతులు చేర్చారు. ముందురోజే రాతపూర్వకంగా పంపండి అని సరిపెట్టకూడదు, సమావేశం జరుగుతుండగానే అప్పటికప్పుడు మాట్లాడే వీలుండాలి. ప్రసారం గానీ, జనం మాట్లాడే లైన్ గానీ తెగిపోతే అది తిరిగి వచ్చేదాకా అజెండాలోని ఏ అంశం మీదా నిర్ణయం తీసుకోకూడదు.

రెండో షరతు చేసే పనేమిటో చూడండి. లైన్ తెగితే ఇంతవరకు నష్టం ఇంట్లో ఉన్నవాడిదే. గదిలోవాళ్లు పని ముగించుకుని వెళ్లిపోతారు. ఈ షరతు ఉంటే లైన్ తెగినప్పుడు గదిలోవాళ్ల పని కూడా ఆగుతుంది. అప్పుడు మంచి మైకు కొనాలని, రెండో లైన్ పెట్టాలని, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలని వాళ్లకే అనిపిస్తుంది. నేను పాల్గొన్న ఆ సమావేశానికి ఈ నియమం ఉండి ఉంటే, నా మూడంకెలు ఇంకోసారి పిలిచేవాళ్లేమో.

ఇదంతా ఎవరి కోసం? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి మూడు మెట్లు చాలు, ఆ హాలు మూసి ఉన్నట్టే. వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం చేసింది. ప్రజా జీవితంలో మిగతావాళ్లతో సమానంగా పాల్గొనే హక్కు గురించి 29వ అధికరణం చెబుతుంది. ఇక రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, చంటిపిల్ల తల్లులు, మంచం పట్టిన తండ్రిని వదిలి కదల్లేని కూతుళ్లు, రోజు కూలి పోగొట్టుకోలేనివాళ్లు. వీళ్లెవరూ ఉదాసీనులు కారు. సమావేశం జరిగే వేళ, జరిగే చోటు వీళ్లను ముందే తీసేసింది. "అంత పట్టింపు ఉంటే వచ్చి మాట్లాడొచ్చు కదా" అని కొందరు సభ్యులు అంటుంటే విన్నాను. ఆ మాట అనగలిగేవాళ్లకు సాధారణంగా వాహనం, ఖాళీ సాయంత్రం, ఇంట్లో వంట చేసిపెట్టే మనిషి ఉంటారు.

అయితే లింక్ పెట్టగానే ఈ జనమంతా వచ్చేస్తారని నమ్మితే మోసపోతాం. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇళ్ల నిర్మాణ అనుమతుల మీద జరిగే స్థానిక సమావేశాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. హాల్లో జరిగే రోజుల్లో మాట్లాడేవాళ్లు ఊరి జనాభాకు నమూనాలా లేరు. వయసు పైబడినవారు, సొంతిల్లు ఉన్నవారు, శ్వేతజాతీయులు జనాభాలో తమ వాటాకు మించి కనిపించారు. కోవిడ్‌తో సమావేశాలు ఆన్‌లైన్‌కి మారాక ఇది మారిందా అని మళ్లీ చూశారు. మారలేదు. దాదాపు అదే రకం మనుషులు ఇప్పుడు ఇంటి నుంచి మాట్లాడుతున్నారు.

ఆన్‌లైన్ ఏర్పాట్లను వ్యతిరేకించేవాళ్లు ఈ ఫలితాన్ని చేతిలో పట్టుకుని తిరుగుతుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. తలుపు ఎంత వెడల్పుగా ఉన్నా, ఇంట్లో ఏదో జరుగుతోందని తెలిసినవాడే వస్తాడు. ఇలాంటి సమావేశాల నోటీసు చాలాచోట్ల చేరేది ఆ స్థలం పక్కన ఆస్తి ఉన్నవాళ్లకు. అద్దెకుంటున్నవాడికి ఉత్తరం రాదు. ఆ కొత్త ఇళ్లు కడితే అందులోకి రాబోయేవాడికి అసలు ఎవరు చెబుతారు? నోటీసు భాష మరో అడ్డు. సర్వే నంబర్లు, సెక్షన్లు, ఉపసెక్షన్లు నిండిన ఆ కాగితం చదివి తన వీధి గురించే అని గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది? లింక్ ఆ కాగితం అడుగున ఉంటుంది. కాబట్టి పరిశోధకులు కనిపెట్టింది తెర చేతకానితనాన్ని అనను, పిలుపు చేతకానితనాన్ని అంటాను. రెండూ కలిసి బాగుపడకపోతే ఏదీ బాగుపడదు.

పిలుపు అందినా నెట్ ఉండాలి కదా. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 లెక్కల్లో 260 కోట్ల మంది ఇంకా ఇంటర్నెట్ బయటే ఉన్నారు. పట్టణాల్లో 83 శాతం మంది వాడుతుంటే గ్రామాల్లో 48 శాతమే. పురుషుల్లో 70 శాతం, స్త్రీలలో 65 శాతం. అందుకే మామూలు ఫోన్ లైన్ తీసేయడానికి వీల్లేదు. వీడియో యాప్‌లో మాత్రమే మాట్లాడాలని నిబంధన పెట్టిన సంస్థ తన ప్రజల్లో కొందరిని వదిలేసుకుంది.

హాలు తీసేయడానికి అంతకన్నా వీల్లేదు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న విషయం. మొదట్లో అంతా ఆన్‌లైన్‌కి మారిపోతే మంచిదనుకునేవాణ్ని. ఆన్‌లైన్ సమావేశాలు చాలావరకు వెబినార్ పద్ధతిలో నడుపుతారు. అందులో ప్యానెల్లో ఉన్నవాళ్లే కనిపిస్తారు. చూసేవాళ్లకు పక్కన ఇంకెంతమంది చూస్తున్నారో తెలియదు, వాళ్ల ముఖాలు కనిపించవు, వాళ్లతో మాట్లాడలేరు. హాల్లో అలా కాదు. మూడొందల మంది వచ్చి, సగం మంది కుర్చీల్లేక గోడలకు ఆనుకుని నిలబడి ఉంటే, ఎవరూ నోరు తెరవకముందే అధికారులకు ఒక విషయం అర్థమవుతుంది. పక్కవాడు లేచి మాట్లాడితే మనకూ ధైర్యం వస్తుంది. బయట వరండాలో కలిసి, నీ సమస్య నాదీ ఒకటే అని తెలుసుకుంటారు. తెర మీద గుంపు ఉండదు. మూడొందల మంది ఒంటరివాళ్లు ఉంటారు.

భారతదేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఈ విషయంలో తెలివైన పని చేసింది. గనికో ఫ్యాక్టరీకో అనుమతి ఇచ్చేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ ఆ ప్రాజెక్టు స్థలంలో గానీ, దానికి బాగా దగ్గరలో గానీ జరగాలంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కార్యక్రమం మొత్తం వీడియో తీయాలి. దుమ్ము పడే చోటే కూర్చుని దుమ్ము గురించి వినాలన్న ఈ నియమాన్ని ఏ వీడియో కాల్ కోసమూ వదులుకోకూడదు. అక్కడి నుంచి వలస వెళ్లి వేరే ఊళ్లో పనిచేస్తున్న వ్యక్తికి ఫోన్ లైన్ అదనంగా ఇస్తే, అది మేలు. పొలంలో జరగాల్సిన సభను లింకుగా మార్చేస్తే, అది దగా. ఒకే పరికరం రెండు పనులూ చేయగలదు కాబట్టే చట్టంలో ఏది అదనం, ఏది బదులు అన్నది స్పష్టంగా రాయాలి.

ఇప్పుడు మ్యూట్ బటన్ దగ్గరికి వస్తాను. ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో అప్పట్లో హ్యాండ్‌ఫోర్త్ అనే చిన్న పారిష్ కౌన్సిల్, అంటే ఊరి స్థాయి పాలక సంస్థ, ఉండేది. 2020 డిసెంబర్ 10న దాని కమిటీ సమావేశం జూమ్‌లో జరిగింది. సమావేశం నడపడానికి స్థానిక కౌన్సిళ్ల సంఘం నుంచి జాకీ వీవర్ వచ్చారు. ఆ సమావేశం చట్టబద్ధం కాదని కౌన్సిల్ చైర్మన్ గొడవకు దిగారు, ఆమెకు అధికారమే లేదన్నారు. కాసేపటికి ఆయన బొమ్మ తెర మీద నుంచి మాయమైంది. ఆమె ఆయన్ని జూమ్‌లో సభ బయట ఆగాల్సిన వెయిటింగ్ రూమ్‌లోకి పంపేశారు. తర్వాత మరో సభ్యుడు గొంతు పెంచి నిబంధనలు చదవమని అరిచారు, ఆయన్నీ ఇంకొకరినీ కూడా బయటికి పంపారు. 2021 ఫిబ్రవరిలో ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అరిచే మగవాళ్ల మధ్య నిబ్బరంగా కూర్చున్న ఆమెను జనం మెచ్చుకున్నారు. నాకూ ఆమె మీద గౌరవమే కలిగింది. కానీ ఏడాది తర్వాత వచ్చిన విచారణ నివేదిక, పరిస్థితి ఎంత కష్టంగా ఉన్నా, సభ్యుల్ని అలా తొలగించే అధికారం ఆమెకు లాంఛనంగా లేదని చెప్పింది.

ఒక హాల్లో ఎన్నికైన మనిషిని బయటికి పంపాలంటే చైర్ హెచ్చరించాలి, తీర్మానం పెట్టాలి, ఓటు వేయాలి, అప్పటికీ వినకపోతే ఎవరో వచ్చి భుజం పట్టుకోవాలి. అందరూ చూస్తుంటారు. తెర మీద ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. సమావేశాన్ని నడిపే హోస్ట్ అకౌంట్ ఎవరి లాప్‌టాప్‌లో ఉంటే సభ వాళ్ల చేతిలో ఉన్నట్టే. సభ్యులకే ఇంత సులువుగా జరిగితే, బయటి నుంచి ఫోన్ చేసిన మామూలు మనిషి సంగతేమిటి? అతన్ని మ్యూట్ చేస్తే గదిలో ఎవరికీ తెలియదు. కోపంగా మాట్లాడాడని ఆపారో, సమయం అయిపోయిందని ఆపారో, పొరపాటున వేలు తగిలిందో చెప్పే రికార్డు ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో ఒకరి గొంతు ఆపారన్నది మినిట్స్‌లో రాసి తీరాలన్న చిన్న నిబంధన చాలు, ఆ బటన్ మీద వేలు పెట్టేముందు మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఆపాల్సిన సందర్భాలు లేకపోలేదు. 2023లో అమెరికాలో అనేక నగర కౌన్సిళ్లకు ఒక పథకం ప్రకారం ఫోన్లు చేసి, యూదుల మీద, నల్లజాతివారి మీద విషం కక్కారు. వినలేని మాటలవి. ఆ అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకమండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ వైకల్యం ఉన్నవారికి తప్ప మిగతా అందరికీ ఫోన్లో మాట్లాడే వీలు తీసేసింది. వాళ్ల బాధ అర్థం చేసుకోగలను. అయినా ఇది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుగానే ఉంది. దూషించేవాళ్లు రెండు రోజులకు ఇంకో నగరాన్ని వెతుక్కుంటారు. బస్సు చార్జీ లేక, పిల్లల్ని వదల్లేక ఫోన్ మీద ఆధారపడినవాళ్లకు వేరే నగరం ఉండదు. మాట్లాడబోయే అంశం సంఖ్య ముందే చెప్పించడం, అంశం దాటిపోతే ఒకసారి హెచ్చరించి ఆపడం, ఆపిన సంగతి రాయడం వంటివి ఉన్నాయి. వీటికి ఓపిక, ఒక మనిషి జీతం కావాలి. అధికారికంగా పేరు, గుర్తింపు కార్డు అడగడం మాత్రం నాకు సమ్మతం కాదు. తన యజమాని మీదో, తన వార్డు సభ్యుడి మీదో ఫిర్యాదు చెప్పబోయే మనిషి కార్డు నంబరు అడగగానే ఫోన్ పెట్టేస్తాడు.

ఇవన్నీ సరిచేసినా అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒకటి మిగులుతుంది: మాట్లాడినదానికి ఫలితం ఉంటుందా? 1984లో అమెరికా సుప్రీంకోర్టు మిన్నెసోటా కాలేజీ అధ్యాపకుల కేసులో ఒక విషయం కుండబద్దలు కొట్టింది. విధాన నిర్ణయాలు తీసుకునే సంస్థలు తమ మాట వినాలని కోరే హక్కు ప్రజలకు రాజ్యాంగం ఇవ్వలేదంది. వినడం అన్నది అక్కడ చట్టసభలు ఇచ్చుకుంటే వచ్చేది. యూరప్ దేశాలు 1998లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో కుదుర్చుకున్న ఒప్పందం ఇంకో దారి పట్టింది. పర్యావరణ నిర్ణయాల్లో ప్రజల్ని మొదట్లోనే, ఇంకా అన్ని ప్రత్యామ్నాయాలూ తెరిచి ఉన్నప్పుడే భాగస్వాముల్ని చేయాలంది. ఈ 'తెరిచి ఉన్నప్పుడే' అన్నదే అసలు మాట. టెండర్లు పిలిచాక, శంకుస్థాపన తేదీ ఖాయమయ్యాక పంపే లింక్ తూతూ మంత్రమే. పుణ్యకాలం కాస్తా అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

ఐస్‌లాండ్ కథ ఎప్పుడు తలచుకున్నా మనసు కలుక్కుమంటుంది. 2011లో 25 మంది సభ్యుల మండలి కొత్త రాజ్యాంగం ముసాయిదా రాసింది. రాసినది రాసినట్టు నెట్‌లో పెట్టారు, సమావేశాలు ప్రసారం చేశారు, ఫేస్‌బుక్‌లోనూ జనం సూచనలు తీసుకున్నారు. 2012 అక్టోబరులో ప్రజాభిప్రాయ ఓటింగ్ పెడితే ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది దీని ఆధారంగానే రాజ్యాంగం ఉండాలన్నారు. తర్వాత పార్లమెంటు దాన్ని ఆమోదించనే లేదు. దూరం నుంచి పాల్గొనడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు? పాల్గొన్నదానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేకపోయింది. తైవాన్‌లో 2015లో ఉబర్ టాక్సీ సేవకు ఏ నియమాలు ఉండాలన్న విషయంలో జరిగినది దీనికి భిన్నం. చాలామంది ఆన్‌లైన్‌లో తమ అభిప్రాయాలు వాక్యాలుగా రాసి, ఒకరివి ఒకరు ఒప్పుకున్నారో లేదో ఓటు వేశారు. ఆ వేదికలో ఎదుటివాడికి జవాబు రాసే బటన్ లేదు, అందుకే తిట్లు పెరగలేదు. ఎక్కువమంది ఒప్పుకున్న విషయాలను పట్టుకుని అధికారులు, ఉబర్, టాక్సీవాళ్లు ఒక ప్రసార సమావేశంలో కూర్చున్నారు. ఒక్కొక్కటి చదివి, దీనికి మీరేమంటారు అని అడిగారు. జవాబు అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది.

అంత పెద్ద ఏర్పాటు ప్రతి కౌన్సిల్ చేయలేకపోవచ్చు. వచ్చిన ప్రతి అభ్యంతరం ఎదురుగా ఒప్పుకున్నాం, లేదా ఈ కారణంతో ఒప్పుకోలేదు అని రాసి, ఓటుకు ముందే బయట పెట్టడం ఏ చిన్న సంస్థకైనా సాధ్యం. ఫోన్లో వచ్చింది, హాల్లో వచ్చింది, ఉత్తరంలో వచ్చింది, అన్నీ ఒకే పట్టికలో ఉండాలి. దాన్ని తయారుచేసేది ఎలాగూ ఒక గుమాస్తానే. ఆ గుమాస్తాకు సమావేశం రోజున మినిట్స్ రాసే పని, మైకు చూసే పని, హోస్ట్ అకౌంట్ నడిపే పని కూడా తగిలిస్తున్నారు కాబట్టే ఏదీ కుదరడం లేదు. లైన్లో ఉన్నవాళ్లను చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలి. సమావేశం మొదట్లోనే స్టార్ తొమ్మిది అంటే ఏమిటో, స్టార్ ఆరు అంటే ఏమిటో నెమ్మదిగా రెండుసార్లు చెప్పడం ఆ మనిషి పని. పిలిచిన మూడంకెలకు జవాబు రాకపోతే పక్కన పెట్టి, అంశం ముగిసేలోగా మళ్లీ పిలవాలి. అప్పటికీ కలవకపోతే 'అభిప్రాయాలు రాలేదు' అని రాయకుండా, 'ఒకరు ప్రయత్నించారు, లైన్ కలవలేదు' అని రాయాలి. ఆ తర్వాత ఓటుకు పెట్టవచ్చు.